ముందు ఆటలో అరటిపండుగానైనా చేరనివ్వండి

ప్రశ్న: మేము గత జూన్‌లో ఖమ్మం నుంచి హైదరాబాదు వచ్చి కూకట్‌పల్లిలో ఉంటున్నాము. మా పెద్దమ్మాయికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి చదువుతోంది. ఇంట్లో ఉన్నంతసేపూ నోరు మూతపడదు. చెల్లెల్ని కూర్చోబెట్టి తనే టీచరై పాఠాలు చెబుతుంది. గుమ్మం దాటితే మాత్రం పెదవి విప్పదు. సాయంత్రం మా అపార్టుమెంటు కింద పదిమంది పిల్లలు ఆడుకుంటుంటే, ఇది ఉయ్యాల స్తంభం పట్టుకుని అరగంటసేపు అలాగే నిలబడి చూస్తుంది. "వెళ్ళి అడగవే, ఆడించుకుంటారు" అని నేను ముందుకు నెడితే నా చున్నీ వెనక దాక్కుని ఏడుస్తుంది. మా అత్తగారు "నోట్లో నాలుక లేని పిల్ల, రేపు ఎలా బతుకుతుందో" అని అందరి ముందూ అంటుంటారు. మావారు స్టేజీ మీద మాట్లాడటం నేర్పే క్లాసులో చేర్పిద్దామంటున్నారు. ఖమ్మంలో పక్కింటి అమ్మాయి ఒక్కతే దీనికి నేస్తం. ఆ పిల్లకీ ఇప్పుడు దూరమైంది. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండోసారి చదువుకున్న వాక్యం ఉయ్యాల స్తంభం గురించి రాసినది. ఆడుకోవాలని లేని పిల్ల అరగంట అక్కడ నిలబడదమ్మా, ఐదు నిమిషాలకే ఇంటికి పోదామంటుంది. మీ అమ్మాయికి ఆ ఆట కావాలి, ఆ పిల్లలు కావాలి. వాళ్ళ మధ్యకు వెళ్ళే దారి మాత్రమే తెలియడం లేదు. ఆ అరగంటలో ఆమె ఖాళీగా కూడా లేదు. ఎవరు పెద్దరికం చేస్తున్నారో, ఎవరు తొండి ఆడుతున్నారో, ఓడిపోయినవాళ్ళను ఎవరు ఎగతాళి చేస్తున్నారో, ఎవరు చేయి పట్టుకుని లేపుతున్నారో అన్నీ గమనిస్తూనే ఉంది. ఈసారి ఇంటికి వచ్చాక "ఈరోజు వాళ్ళు ఏం ఆట ఆడారు?" అని మాత్రం అడిగి చూడండి, నియమాలతో సహా చెబుతుంది. చిన్నపిల్లలు కలిసి ఆడటాన్ని అమెరికాలో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు గమనించి 1932లో ప్రచురించిన వ్యాసంలో, పక్కన నిలబడి చూడటాన్నీ, ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకోవడాన్నీ కూడా ఆటలో పాలుపంచుకునే విధాలుగానే లెక్కగట్టారు. కాబట్టి ఆ నిలబడటాన్ని తప్పుగా చూడకండి. అది మొదటి మెట్టు. మన పని రెండో మెట్టు మీద చేయి అందించడం.

బిడియం పెంపకంలో లోపం వల్ల వచ్చిందేమోనని మీరు రాయలేదు గానీ, ఉత్తరం చదువుతుంటే ఆ భయం మీకు ఉన్నట్టు నాకు తోచింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ కేగన్, ఆయన సహచరులు నాలుగు నెలల పసిపిల్లలకు కొత్త బొమ్మలు, కొత్త శబ్దాలు, కొత్త వాసనలు చూపి, ఎవరు ఎలా స్పందిస్తున్నారో గమనించి, అదే పిల్లలను ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చారు. సుమారు ఐదింట ఒక వంతు పిల్లలు కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ కలవరపడి ఏడ్చారు. కొత్త మనుషుల ముందు, కొత్త చోట్ల వెనకాడే స్వభావం రెండో ఏడు వచ్చేసరికి వారిలోనే ఎక్కువగా కనిపించింది. అంటే కొత్తదనాన్ని చూసి ముందు ఒక అడుగు వెనక్కి వేయడం చాలామందిలో పుట్టుకతో వచ్చే తీరు. అదే పరిశోధనలో తేలిన మరో సంగతి మీకు ఊరటనివ్వాలి: అలా కలవరపడిన పిల్లలందరూ పెద్దయ్యాక బిడియస్తులు కాలేదు, తీవ్రంగా వెనకాడే స్వభావం అలాగే నిలిచిపోయినవాళ్ళు వారిలో కొద్దిమందే. కాబట్టి మీ అమ్మాయి స్వభావాన్ని మార్చేయాలనే పట్టుదల వద్దు, ఇక ఇది ఇంతేనన్న నిరాశ కూడా వద్దు.

ఇక చేయవలసినవి. పదిమంది ఆడుతుండగా వెళ్ళి "నన్నూ చేర్చుకోండి" అని అడగటం పెద్దవాళ్ళకే కష్టం. పెళ్ళిలో నలుగురు నవ్వుతూ మాట్లాడుకుంటున్నచోటికి మనం ఎంత తటపటాయిస్తూ వెళతామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. అందుకని రేపటి నుంచి మీరు కిందికి దిగే వేళ మార్చండి. పిల్లలు ఐదున్నరకు చేరేట్లయితే మీరు ఐదుంబావుకే వెళ్ళండి. అప్పుడు ఖాళీ స్థలంలో మీ అమ్మాయి ముందే ఉంటుంది. వచ్చేవాళ్ళు ఒక్కొక్కరుగా, ఇద్దరుగా వస్తారు. గుంపులోకి ఈమె వెళ్ళాల్సిన అవసరం లేకుండా, ఈమె చుట్టూనే గుంపు చేరుతుంది. చేతిలో ఒక తాడో, సుద్దముక్కో, బంతో ఉంటే మరీ మంచిది. సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీస్తున్న పిల్ల దగ్గర మరో పిల్ల ఆగకుండా పోదు.

ఆటలో చేరడానికి మన పిల్లలు ఎప్పుడో కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. దాగుడుమూతల్లో దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేసుకునేటప్పుడు, మరీ చిన్నవాళ్ళనో కొత్తవాళ్ళనో "ఆటలో అరటిపండు" అని పక్కన పెట్టి, వాళ్ళను కూడా తమతో పరుగెత్తనిచ్చేవారు. అరటిపండు దొరికినా దొంగ కాదు, ఓడినా లెక్కలేదు, ఎవరూ కసురుకోరు. ఈ మాటను వెటకారానికి వాడుతున్నాము గానీ, బిడియపడే పిల్లకు దీనికన్నా చక్కని తలుపు లేదని నా అభిప్రాయం. తప్పు చేస్తే అందరూ నవ్వుతారన్న భయమే ఆమె కాళ్ళను కట్టేస్తుంది. ఆ భయం లేకుండా ఆటలో ఉండే అవకాశం అరటిపండుకు దొరుకుతుంది. మీ అపార్టుమెంటులో కాస్త పెద్ద పిల్లను, మెత్తని మనసున్నదాన్ని చూసి, "మా అమ్మాయిని రెండు రోజులు అరటిపండుగా ఉంచుకోమ్మా" అని మీ అమ్మాయి వినకుండా చెప్పి రండి. వారం దాటాక మాత్రం ఆ హోదా పోవాలి. ఎనిమిదేళ్ళ పిల్లను నెలల తరబడి అరటిపండుగా ఉంచితే అది చిన్నచూపు అవుతుంది.

అడిగి చేరడం కూడా నేర్పవచ్చు. అయితే "నేను ఆడొచ్చా?" అన్న ప్రశ్నకు "వద్దు" అనడం పిల్లలకు చాలా సులభం. ఆటలోకి సునాయాసంగా చేరే పిల్లలను గమనిస్తే వాళ్ళు ఆ ప్రశ్న అడగనే అడగరు. కాసేపు చూసి, దగ్గరకు జరిగి, బంతి అవతల పడితే పరుగెత్తుకెళ్ళి తెచ్చిచ్చి, "అవుట్ కాలేదు, నేను చూశాను" అని ఆటకు పనికొచ్చే ఒక మాట అంటారు. బంతి తెచ్చిచ్చే చేయి మూడోసారికి ఆటలో ఉంటుంది. ఇంట్లో చెల్లెలితో ఇది ఆటగా ఆడించండి. మీరూ మీవారూ ఆడుతున్నట్టు నటించండి, బంతి ఆమె కాళ్ళ దగ్గర పడేయండి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. గుంపులో గెలవడం కాదు, ఆ గుంపులో ఒక్కరిని సంపాదించుకోవడం ఆమెకు కావాలి. ఆ పదిమందిలో మీ అమ్మాయి కళ్ళు ఎక్కువసార్లు ఎవరి మీద నిలుస్తున్నాయో చూడండి. ఆ పిల్ల తల్లితో ముందు మీరు పరిచయం పెంచుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ పిల్లను ఒక్కదాన్నే మీ ఇంటికి పిలవండి. ఇద్దరిని పిలిస్తే వాళ్ళిద్దరూ ఒకటై మీ అమ్మాయి తన ఇంట్లోనే మళ్ళీ స్తంభం పట్టుకుని నిలబడుతుంది. గంట, మహా అయితే గంటన్నర చాలు. ఇంకాసేపు ఉంటే బాగుండునని ఇద్దరికీ అనిపిస్తున్నప్పుడే ముగించండి. ఆ గంటకు చేతులకు పని ఉన్న ఆట ఎంచుకోండి. వామనగుంటల పలక మీ ఇంట్లో ఉందా? లేకపోతే గట్టి అట్టమీద రెండు వరుసల్లో ఏడేసి వలయాలు గీసినా సరిపోతుంది. చింతగింజలు గుప్పిట్లో తీసుకుని ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటి వేసుకుంటూ పోతున్నప్పుడు ఇద్దరి కళ్ళూ గింజల మీదే ఉంటాయి, ఒకరి మొహంలోకి ఒకరు చూసుకోనక్కరలేదు. ఏం మాట్లాడాలా అన్న బెంగ ఉండదు, "నీ వంతు", "అయ్యో, ఖాళీ గుంట వచ్చింది", "ఇన్నా!" అంటూ మాటలు వాటంతట అవే వస్తాయి. టీవీ ముందు కూర్చోబెడితే ఆ మాటలు రావు. మీరు పక్క గదిలో ఉండండి, పకోడీలు ఇవ్వడానికి తప్ప లోపలికి పోకండి.

అత్తగారి మాట కొంచెం సున్నితమైనది. ఆవిడ ప్రేమతోనే అంటున్నారని నాకు తెలుసు. కానీ "నోట్లో నాలుక లేదు" అన్న మాట పిల్ల చెవిన పడిన ప్రతిసారీ, తను ఎలా ఉండాలని పెద్దలు ఎదురుచూస్తున్నారో ఆమెకు తెలిసిపోతుంది, అలాగే ఉంటుంది. ఆవిడతో వాదించకండి, "అత్తయ్యా, దీనికి కొత్తవాళ్ళు అలవాటు కావడానికి కాస్త సమయం పడుతుంది, ఆ మాటే అందాము" అని ఆవిడను మీ పక్షాన కలుపుకోండి. అలాగే లిఫ్టులో ఎవరైనా "నీ పేరేమిటమ్మా?" అని అడిగితే మీరు జవాబు చెప్పేయకండి. మనసులో పది లెక్కపెట్టండి. ఆ పది అంకెలూ మీకు యుగంలా ఉంటాయి, పిల్లకు మాత్రం నోరు తెరవడానికి అంత వ్యవధి నిజంగా కావాలి. అప్పటికీ చెప్పకపోతే "మరోసారి చెబుతుందిలెండి" అని నవ్వి ఊరుకోండి. ఇంటికొచ్చి ఆ సంగతి ఎత్తకండి.

స్టేజీ మీద మాట్లాడటం నేర్పే క్లాసు ఇప్పుడు వద్దు. పదిమంది ముందు మాట్లాడటం ఒక విద్య, ఒక్కరితో స్నేహం చేయడం వేరొక విద్య. మొదటిది వస్తే రెండోది వస్తుందన్న హామీ ఏమీ లేదు. ఆమెకు ఇష్టమైతే బొమ్మలు గీసే క్లాసుకో, ఈతకో, సంగీతానికో పంపండి. ఒకే రోజు, ఒకే వేళ, అవే ముఖాలు వారం వారం కనిపించడం బిడియస్తులకు గొప్ప మందు.

బడిలో టీచరు సాయం కూడా అడగండి. నేను ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చెబుతున్న రోజుల్లో మీ అమ్మాయిలాంటి పిల్లే ఒకతె ఉండేది. ఆమెను మాట్లాడమని ఎన్నడూ ఒత్తిడి చేయలేదు, ఆటల పీరియడులో తాళ్ళ సంచి మాత్రం ఆమె చేతికిచ్చాను. తాడు కావాలంటే అందరూ ఆమె దగ్గరకే రావాలి, తిరిగి ఆమెకే ఇవ్వాలి. మొదట్లో సంచి తెరిచి పట్టుకునేది, అంతే. కొన్ని వారాలకు "నిన్న నువ్వు ముడి వేసి ఇచ్చావు, ఇవాళ విప్పి ఇవ్వు" అని ఒక గడుగ్గాయిని ఆమె గట్టిగా అడగటం నేను వరండాలోంచి విన్నాను. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

చివరగా ఆ ఖమ్మం నేస్తం. ఆ స్నేహాన్ని తెగిపోనివ్వకండి. వారానికి ఒకసారి వీడియో కాల్ చేయించండి, దసరా సెలవుల్లో వెళితే ముందుగా ఆ పిల్ల ఇంటికే తీసుకెళ్ళండి. బిడియపడే పిల్లలకు స్నేహితులే ఉండరనుకోవడం పొరపాటు. పరిశోధకులు చూసినంతలో వారిలో చాలామందికి ఇతర పిల్లల లాగానే ఒక ప్రాణస్నేహితుడో స్నేహితురాలో ఉంటున్నారు. మీ అమ్మాయి ఒకసారి ఆ పని చేసి చూపించింది. ఆ విషయం మీరు గుర్తుంచుకుని ఆమెకూ గుర్తు చేస్తూ ఉండండి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక మండల కేంద్రం. మా బాబుకు ఐదున్నరేళ్ళు, యూకేజీ. ఇంట్లో గలగలా మాట్లాడతాడు. బడిలో చేరి ఆరు నెలలైనా అక్కడ ఒక్క మాట మాట్లాడలేదు, బాత్రూముకు వెళ్ళాలన్నా చెప్పడు. టీచర్లు మాటలు రావనుకుంటున్నారు. ఇది సిగ్గేనా?
— ఒక తండ్రి

జవాబు: దీన్ని సిగ్గు అని వదిలేయకండి. ఇంట్లో చక్కగా మాట్లాడే పిల్లవాడు బడి వంటి చోట మాత్రం నెలకు పైగా అసలు మాట్లాడకపోవడాన్ని వైద్యులు సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. మొండితనం కాదిది, గొంతు బిగుసుకుపోయేంత ఆందోళన. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక సమస్యల వర్గీకరణలో దీన్ని ఆందోళనకు సంబంధించిన సమస్యల్లోనే చేర్చారు. బడిలో చేరిన మొదటి నెలను లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే కొత్తలో మౌనంగా ఉండే పిల్లలు చాలామంది. బడి భాష కొత్తదైతే కూడా తొందరపడి ఈ పేరు పెట్టరు. మీ బాబు ఇంగ్లిషు మీడియంలో ఉన్నట్లయితే, తెలుగులో పలకరించినప్పుడైనా స్నేహితులతో మాట్లాడుతున్నాడా అని ముందు కనుక్కోండి. తెలుగులోనూ మాట్లాడటం లేదంటే ఆలస్యం చేయవద్దు.

ముందుగా పిల్లల వైద్యుడికి చూపించి చెవుల పరీక్ష చేయించండి. ఆ తర్వాత పిల్లల మానసిక సమస్యలు చూసే నిపుణుల దగ్గరకు వెళ్ళండి. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, అది ఉచితం. ఇంట్లో బాబు మాట్లాడుతున్నప్పుడు ఫోనులో ఒక నిమిషం రికార్డు చేసి టీచరుకు వినిపించండి. "మాటలు రావు" అన్న అనుమానం దానితో తీరిపోతుంది, టీచరు చూపు మారుతుంది. మాట్లాడితే చాక్లెట్ అనో, మాట్లాడకపోతే దెబ్బలనో చెప్పకండి. పిల్లలు వెళ్ళిపోయాక ఖాళీ తరగతి గదిలో మీరూ మీ బాబూ పది నిమిషాలు ఆడుకునేందుకు అనుమతి అడగండి. ఆ గదిలో మీతో అతని గొంతు వినబడటం మొదలైతే, తర్వాత అతనికి ఇష్టమైన ఒక్క స్నేహితుడిని అక్కడికి పిలవండి, ఆ తర్వాతే టీచరును. బాత్రూము విషయానికి మాత్రం రేపే ఏర్పాటు చేయండి: ఒక చిన్న రంగు కార్డు జేబులో పెట్టి, దాన్ని చూపిస్తే పంపమని టీచరుతో చెప్పండి.

ప్రశ్న: మేడం గారూ, నేను గురుకుల పాఠశాలలో ఏడో తరగతి చదువుతున్నాను. ఎవరితోనూ త్వరగా కలవలేను. ఐదో తరగతిలో చేరినప్పటి నుంచి నాకు ఒక్కతే ఫ్రెండ్. ఈ సంవత్సరం సెక్షన్లు మార్చారు, ఆమె బి సెక్షన్‌కు వెళ్ళింది. ఇప్పుడు మెస్‌లో వేరే అమ్మాయిలతో కూర్చుంటోంది. నేను వెళితే విసుక్కుంటుందేమోనని నేనే దూరంగా కూర్చుంటున్నాను. నాతో కచ్చి అని ఆమె అనలేదు. నేను ఏం తప్పు చేశాను?
— ఏడో తరగతి విద్యార్థిని

జవాబు: నువ్వు ఏ తప్పూ చేయలేదు తల్లీ. ఇంత స్పష్టంగా రాసినందుకు ముందు నిన్ను మెచ్చుకుంటున్నాను. నోటితో చెప్పలేనిది కాగితం మీద చెప్పగలగడం చిన్న శక్తి కాదు.

నీ ఉత్తరంలో ఒక మాట గమనించాను: ఆమె నిన్ను పొమ్మనలేదు, విసుక్కోనూ లేదు. విసుక్కుంటుందేమోనని నువ్వు ముందే అనుకుని దూరంగా కూర్చున్నావు. ఇప్పుడు ఆమె వైపు నుంచి చూడు. రెండేళ్ళు పక్కన కూర్చున్న పిల్ల ఒక్కసారిగా వేరే బల్ల దగ్గర కూర్చుంటే, ఆమె కూడా "నామీద కోపం వచ్చిందేమో" అనుకుని ఉండవచ్చు. బిడియస్తుల మౌనం అవతలివాళ్ళకు చాలాసార్లు అలకలా, గర్వంలా కనిపిస్తుంది. మన లోపల వణుకు వాళ్ళకు కనబడదు కదా.

అందుకని మొదటి మాట నువ్వే అను. మెస్‌లో అందరి ముందు కాదు. కొళాయి దగ్గర పళ్ళెం కడుక్కునే వేళో, స్టడీ అవర్ మొదలయ్యే ముందో, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు. "నువ్వు లేక మా సెక్షన్‌లో తోచడం లేదు. ఆదివారం ఇద్దరం కలిసి బట్టలు ఉతుక్కుందామా?" అని అడుగు. ఆ మాటలు నోటికి రాకపోతే చీటీ రాసి ఇవ్వు, నీకు రాయడం బాగా వచ్చు. "ఎందుకు నన్ను వదిలేశావు?" అని మాత్రం అడగకు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఆమెకు కష్టం, కష్టమైన ప్రశ్న అడిగినవాళ్ళ దగ్గర నుంచి మనుషులు తప్పుకుంటారు.

ఆమె ఒప్పుకుంటే వారానికి ఒక వేళ మీ ఇద్దరిదీ అనుకోండి. మిగతా రోజుల్లో ఆమె కొత్త స్నేహితురాళ్ళతో కూర్చుంటే అది నీ మీద కటీఫ్ కాదు. ఇదివరకు రోజంతా నీదైన స్నేహం ఇప్పుడు వారానికి ఒక గంటే కావడం బాధగానే ఉంటుంది. ఆ బాధ నిజమైనదే, పెద్దవాళ్ళకు కూడా అలాగే ఉంటుంది. అయినా ఆ గంటను ఫిర్యాదులతో నింపకు. ఆమె తమ్ముడి సంగతి అడుగు, బి సెక్షన్ లెక్కల మేడం ఎలా చెబుతున్నారో అడుగు, నీ సంగతులు చెప్పు. ఒకవేళ ఆమె నిజంగానే ముఖం తిప్పుకుంటే, రెండోసారి అడుగు. ఆ తర్వాత కొన్నాళ్ళు వదిలేయి. అప్పుడు రాత్రిళ్ళు ఏడుపు ఆగకపోయినా, తిండి సహించకపోయినా, మీ హౌస్ మేడంకో అమ్మకో తప్పకుండా చెప్పాలి. నీలో నువ్వే దాచుకోకూడదు.

ఇంకొక పని కూడా నీకు అప్పగిస్తున్నాను. మీ సెక్షన్‌లో నీలాగే స్నేహితురాలు వేరే సెక్షన్‌కు వెళ్ళిపోయి ఒంటరిగా మిగిలిన అమ్మాయి ఒకతె ఉండి తీరుతుంది. మెస్‌లో కొస బల్ల దగ్గర, గ్రంథాలయం కిటికీ పక్కన, ఆటల పీరియడులో చెప్పుల దగ్గర కాపలా కూర్చున్నవాళ్ళలో చూడు. దూరం నుంచి చూడటం నీకు అలవాటే కనుక నువ్వే ముందు కనిపెడతావు. ఆమె పక్కన కూర్చో. మొదటి రోజు ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు. రెండో రోజు ఊరగాయ ఇవ్వు. అర్ధసంవత్సర పరీక్షలు అయ్యాక నాకు మళ్ళీ ఉత్తరం రాయి, ఆ అమ్మాయికి ఏ ఊరగాయ ఇష్టమో అందులో రాయడం మరిచిపోకు.